ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ జివ్వుమంటోందా? ముందు ఛార్జర్ చూడండి

ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకుంటే వేళ్లకు జివ్వుమంటోందని ఇంట్లో ఎవరైనా చెప్తే "అబ్బే, నీ భ్రమ" అని కొట్టిపారేయకండి. అక్కడ నిజంగానే కరెంట్ ఉంటుంది. మా అత్తమ్మ ఈ మాట అంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు, ఎందుకంటే మిగతావాళ్లు చెప్పులేసుకునో మంచం మీద కూర్చునో ఫోన్ చూస్తారు, ఆవిడేమో చెప్పుల్లేకుండా షాబాద్ బండల మీద నిలబడి ఛార్జర్ తీయకుండానే మాట్లాడతారు. మల్కాజ్‌గిరిలో మాది పాత ఇల్లు, వానాకాలం బండలు చెమ్మగా ఉంటాయి. ఆవిడ ఒంట్లోంచి కరెంట్ నేలలోకి పోవడానికి దారి ఉంది, మిగతావాళ్లకు లేదు. అంతే తేడా.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు, దాన్ని ఛార్జర్ 5 వోల్టులకో 9 వోల్టులకో దించి ఫోన్‌కు ఇస్తుంది. ఈ రెండు వైపులా ఎక్కడా వైరు నేరుగా కలవదు, మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. కానీ లోపలి స్విచ్ సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది కాబట్టి ఆ గోల చుట్టుపక్కల రేడియోలకు, టీవీలకు పోకుండా రెండు వైపులకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ (కొంచెం ఛార్జ్ దాచుకునే భాగం) పెడతారు. వై కెపాసిటర్ అంటారు దాన్ని. దాని గుండా కొంచెం కరెంట్ ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. ఒక నానోఫారడ్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ అనుకుని మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు లెక్కేస్తే 70 మైక్రోఆంపియర్ల చుట్టూ వస్తుంది, అంటే ఒక మిల్లీఆంపియర్‌లో పదో వంతు కూడా కాదు. ఛార్జర్ల మీద కనిపించే ఐఎస్ 13252 అనే భారత భద్రతా ప్రమాణం రెండు పిన్నుల ఛార్జర్లకు 0.25 మిల్లీఆంపియర్ దాకా ఒప్పుకుంటుంది. మెటల్ ఫ్రేమ్‌ని గట్టిగా పట్టుకుంటే తెలియనిది, వేలితో మెల్లగా నిమిరితే గరుకుగా వణికినట్టు అనిపించేది ఇదే. టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుంది, మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెడితే 100 వోల్టుల చుట్టూ కూడా చూపించొచ్చు, అది చూసి హడలిపోతారు గానీ దాని వెనక బలం లేదు, మనిషి ముట్టుకోగానే ఆ వోల్టేజీ పడిపోతుంది.

అయితే "ఓహో, మామూలేనన్నమాట" అని ఇక్కడితో ఆగకూడదు. సరిగ్గా పనిచేస్తున్న ఛార్జర్ ఇచ్చే జివ్వుకూ, రేపో మాపో చెడిపోబోయే ఛార్జర్ ఇచ్చే జివ్వుకూ వేలికి తేడా తెలియదు. నాకు భయం వేసేది దీనికే. మా ఇంట్లోది ఫోన్‌తో వచ్చిన ఛార్జర్ కాదు, అది పోతే చవగ్గా దొరికిందని తెచ్చిన నకిలీ. పక్కన పెట్టేశాక, ప్లగ్గు తీసి చాలాసేపు వదిలేసి విప్పి చూశాను (మీరు విప్పకండి, లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు). 230 వోల్టుల వైపుకూ ఫోన్ వైపుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, ఇందులో టంకం చుక్కలు దాదాపు ఒకదానికొకటి తగులుతున్నాయి. వై కెపాసిటర్ ఉండాల్సిన చోట ఏ సేఫ్టీ గుర్తూ లేని మామూలు బిళ్ల కెపాసిటర్. అసలైనది చెడిపోయినా షార్ట్ అవ్వకుండా ఉండేలా తయారు చేస్తారు. ఈ మామూలుది షార్ట్ అయితే గోడలోని కరెంట్ తిన్నగా ఫోన్ ఫ్రేమ్‌కు వస్తుంది, అంటే చెవి దగ్గరకే.

అందుకే ఛార్జర్ వెనక సన్నటి అక్షరాలు చదవండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నంబరు ఉన్నంత మాత్రాన నమ్మక్కర్లేదు, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో చూపిస్తుంది, పేరు కలవకపోతే ఆ ఛార్జర్ వద్దు. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, బిల్లు అడగండి.

ఇంకో సంగతి, ఇది అద్దె ఇళ్లలో, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకు ముఖ్యంగా. రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్‌కు ఎర్త్‌తో పని లేదు. కానీ మూడు పిన్నుల లాప్‌టాప్, ఫ్రిజ్, ఇనుప బాడీ కూలర్ ముట్టుకుంటే కూడా జివ్వుమంటుంటే బోర్డులో ఎర్త్ లేనట్టే అనుకుని చూపించండి, దాన్ని ఫోన్ జివ్వుతో కలిపి తేలిగ్గా తీసుకోకండి, ఎండాకాలం నీళ్లు పోస్తూ కూలర్ ముట్టుకుని ప్రాణాలు పోయినవాళ్లున్నారు. కొందరు ఎలక్ట్రీషియన్లు ఎర్త్ వైరు లేదని న్యూట్రల్‌నే మూడో పిన్నుకు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఆ వస్తువు బాడీ అంతా 230 వోల్టులే, కాబట్టి అలా చేస్తుంటే ఆపండి. సరైన ఎర్త్ గుంత, మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించమని ఓనర్‌ని అడగండి, మొహమాటపడకండి.

జివ్వు కాకుండా చెయ్యి విదిలించేంత షాక్ కొట్టినా, ఛార్జర్ నుంచి గుయ్యిమనే చప్పుడో కాలిన వాసనో వచ్చినా ఫోన్ లాగబోకండి, ముందు గోడ స్విచ్ ఆపండి. తర్వాత ఆ ఛార్జర్‌ని "ఇంకా పనిచేస్తోంది కదా" అని వాచ్‌మన్ కుటుంబానికో పనమ్మాయికో ఇవ్వొద్దు. వైరు కత్తిరించి, ఎవరూ వాడలేకుండా చేసి ఈ-వేస్ట్‌లో వేయండి.