స్కాన్‌కు అందని నొప్పి

నాకు సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలోనే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కండరాలు అదుపు తప్పే స్థితి. బిగుసుకుపోయే కాళ్లకు చిన్నప్పుడే అలవాటు పడ్డాను. ముప్పై దాటాక తుంటిలో మొదలైన నొప్పికి మాత్రం పడలేదు. "నీకది మామూలే కదమ్మా" అని కడపలో చుట్టాలు అంటుంటే ఒళ్లు మండుతుంది.

ఈమధ్య మెదడుకు ఎంఆర్‌ఐ తీశారు. ఆ గొట్టంలో కదలకుండా పడుకోవడం ఎవరికైనా కష్టమే. శబ్దానికి ఉలిక్కిపడి కండరాలు బిగిసే నాలాంటివాళ్లకు మరీను. తలకు అటూ ఇటూ మెత్తలు కుక్కి, అవసరమైతే నొక్కమని చేతిలో రబ్బరు బంతి పెట్టారు. నా పిడికిలి నన్ను అడిగి బిగుసుకుంటుందా? పాపం, టెక్నీషియన్ ఊరికే పరుగెత్తుకొచ్చాడు.

ఫిల్ములో తెల్ల పదార్థంలో, అంటే మెదడులో నరాల తీగలుండే భాగంలో, పాత మచ్చ కనిపించింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో తరచుగా ఉండేదే. దెబ్బ ఎక్కడో అది చెబుతుంది, నొప్పి ఎంతో చెప్పదు. పరిశోధకులు వాడే ఫంక్షనల్ ఎంఆర్‌ఐ వేరు. రక్తంలో ఆక్సిజన్ మార్పులను బట్టి మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో పట్టుకుంటుంది. ఎంఆర్‌ఐలోనే డిఫ్యూజన్ అనే మరో పద్ధతి నరాల దారులను చూపిస్తుంది. కదలికల దారులే కాదు, మెదడు నడుమ ఉండే థాలమస్ నుంచి స్పర్శను పైకి మోసే దారులూ మాలో దెబ్బతినవచ్చని అలాగే తెలిసింది. అంతా కండరాల తంటా అని తేల్చేసేవాళ్లు ఇది వినాలి.

అయినా ఒక మనిషి నొప్పిని కొలిచే మీటరుగా ఏ స్కానూ ఇంకా పనికిరాదు. మాట రాని పిల్లల సంగతేమిటి? అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నిర్వచనాన్ని సవరిస్తూ, చెప్పలేనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని స్పష్టంగా రాసింది. ఆ వాక్యాన్ని ప్రింటు తీసి ఫైలులో రిపోర్టు పైన పెట్టాను. ఈసారి డాక్టరుగారు ముందు దాన్నే చూస్తారు.