నాన్న వాన లెక్కలను ఏపీఐ ద్వారా దించుకున్నాను: నా అనుభవం

మాది అనంతపురం జిల్లా. చేనంతా వాన మీద ఆధారపడిందే. నాన్న ఇరవై ఏళ్ళ పైబడి వాన లెక్క డైరీలో రాస్తున్నారు. ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్లు పడింది, పదును ఎంత లోతు దిగింది, ఆ పదునుకు వేరుశనగ విత్తారా లేదా, అన్నీ ఉంటాయి. 2023 వేసవిలో ఊరెళ్ళినప్పుడు ఆ డైరీలు ముందేసుకుని ఒక్కో పేజీ సీఎస్‌వీ ఫైల్లోకి (కామాలతో విడదీసిన పట్టిక) ఎక్కించాను. ఈ లెక్కలు ఎవరికైనా పనికొస్తే ఇవ్వాలి, కానీ ఎవరు తీసుకున్నారన్న లెక్క కూడా మా దగ్గర ఉండాలి అనిపించింది. అలా వెతుకుతూ ఓషన్ ప్రోటోకాల్ దగ్గరికి చేరాను.

డేటాను బ్లాక్‌చెయిన్ (ఎన్నో కంప్యూటర్లు కలిసి ఉంచే, చెరపలేని ఉమ్మడి ఖాతా పుస్తకం) సాయంతో పంచుకోవడానికి, అమ్ముకోవడానికి బ్రూస్ పాన్, ట్రెంట్ మెకొనాఘీ 2017లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. దాని మీద నడిచే డేటా అంగడి ఓషన్ మార్కెట్ 2020లో వచ్చింది. అక్కడ ప్రతి డేటాసెట్‌కీ ఒక ఎన్‌ఎఫ్‌టీ (బ్లాక్‌చెయిన్ మీద నమోదయ్యే, ఒకే ఒక్క టోకెన్) ఉంటుంది, అది యాజమాన్య పత్రం లాంటిది. దాని కింద డేటాటోకెన్లు ఉంటాయి, అవి టికెట్లు. ఒక టోకెన్ చెల్లిస్తే ఫైలు తీసుకునే హక్కు వస్తుంది. వెబ్‌సైట్‌లో బటన్ నొక్కి దించుకోవడం ఎవరైనా చేస్తారు. పరిశోధన చేసేవాళ్ళు మాత్రం ప్రోగ్రామ్‌తోనే లాగుతారు. అందుకే మొదట నేనే వెబ్ ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రామ్ నుంచి సర్వర్‌కు పిలుపులు పంపి, ఆ దారి అంతా నడిచి చూడాలనుకున్నాను.

మొదట్లో నాకో పెద్ద అపోహ ఉండేది. ఫైలు బ్లాక్‌చెయిన్ మీదే ఉంటుందనుకున్నాను. ఉండదు. రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు ఉంటుంది గానీ పొలం ఉండదు కదా, ఇదీ అంతే. ఫైలు నా సర్వర్‌లోనే ఉంది. దాని లింకును ప్రొవైడర్ అనే మధ్యవర్తి సర్వర్ తన తాళంతో ఎన్‌క్రిప్ట్ చేస్తే (ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మారిస్తే), ఆ గజిబిజి అక్షరాల వరస మాత్రమే చెయిన్ మీదికి వెళ్తుంది. కొన్నవాళ్ళకు కూడా అసలు లింకు కనబడదు. ప్రొవైడరే లింకు విప్పి, ఫైలు తెచ్చి వాళ్ళ చేతిలో పెడుతుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే నాకు రెండు రోజులు కలిసొచ్చేవి.

డబ్బులు పోతాయన్న భయం లేకుండా పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ వాళ్ళ 'ముంబై' అనే టెస్ట్ నెట్‌వర్క్‌లో ప్రయోగం చేశాను. దాని చెయిన్ ఐడీ, అంటే ఆ నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య, 80001. అక్కడి ప్రయోగ టోకెన్లు ఫాసెట్ అనే సైట్ దగ్గర ఉచితంగా దొరికేవి. ఒక వాలెట్‌తో (బ్లాక్‌చెయిన్ ఖాతా) ఫైలు పెట్టాను, కొనేవాడిగా రెండో వాలెట్ తెరిచాను. రెండూ ఈ పనికోసమే తెరిచిన కొత్త వాలెట్లు. ప్రైవేట్ కీని, అంటే వాలెట్ తరఫున సంతకం చేసే రహస్య తాళాన్ని, కోడ్‌లో రాయాల్సి వచ్చే పనికి అసలు డబ్బున్న వాలెట్ ఎవరూ వాడొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను.

ఫైలు పెట్టగానే దానికి ఒక గుర్తింపు సంఖ్య వచ్చింది. ఎన్‌ఎఫ్‌టీ చిరునామానూ చెయిన్ ఐడీనీ కలిపి హ్యాష్ చేస్తే, అంటే ఒక సూత్రంతో నిర్ణీత పొడవున్న అక్షరాల వరసగా మారిస్తే, వచ్చేది అది. ఆ సంఖ్యతో అక్వేరియస్ అనే సర్వర్‌ను అడిగితే డేటాసెట్ వివరాలన్నీ జేసన్ అనే, ప్రోగ్రామ్‌లు చదవగలిగే రాత రూపంలో ఇచ్చింది. అందులో సర్వీస్ ఐడీ, డేటాటోకెన్ చిరునామా తీసుకున్నాను. తర్వాత ప్రొవైడర్ దగ్గర ఇనిషియలైజ్ అనే పిలుపు. అది తనకు చెల్లించాల్సిన ఫీజు ఎంతో చెప్పి, ఆ లెక్క మీద తన సంతకం కూడా పెట్టి పంపుతుంది. దాన్ని తీసుకెళ్ళి డేటాటోకెన్ కాంట్రాక్టులో (చెయిన్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) ఆర్డర్ పెట్టాలి. కొన్ని క్షణాల్లోనే లావాదేవీ ఖరారైంది, దాని హ్యాష్ చేతికొచ్చింది. అదే రసీదు. ఇక్కడిదాకా ఒక్క పూటలో అయిపోయింది.

అసలు కష్టం డౌన్‌లోడ్ దగ్గర మొదలైంది. డేటాసెట్ సంఖ్య, సర్వీస్ ఐడీ, ఫైలు వరస సంఖ్య, రసీదు హ్యాష్, నా వాలెట్ చిరునామా, నాన్స్ అనే ఒక్కసారికే వాడే సంఖ్య, వాలెట్ తాళంతో చేసిన సంతకం, ఇవన్నీ కలిపి పంపాలి. పంపిన ప్రతిసారీ సంతకం చెల్లదనే జవాబు. రసీదు సరిగ్గానే ఉంది, వాలెట్ కూడా అదే. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. టెన్షన్‌తో తల పట్టేసింది. పొద్దున్నే లేచి ప్రొవైడర్ సోర్స్ కోడ్ తెరిచి, సంతకం సరిచూసే ఫంక్షన్ ఒక్కో వరుసా చదివాను. అది డేటాసెట్ సంఖ్యనూ నాన్స్‌నూ పక్కపక్కన అతికించి, కెచాక్ అనే పద్ధతిలో హ్యాష్ తీసి, ఆ 32 బైట్ల మీద సంతకం ఉందా అని చూస్తోంది. నేనూ అదే హ్యాష్ తీశాను. కానీ జావాస్క్రిప్ట్‌లో ఆ హ్యాష్‌ను రాతగా ఇచ్చాను. సంతకం చేసే లైబ్రరీ దాన్ని 32 బైట్లుగా తీసుకోకుండా, మొదట వచ్చే 0x అనే రెండు గుర్తులతో కలిపి 66 అక్షరాల మాటగా తీసుకుని దాని మీద సంతకం చేసింది. హ్యాష్‌ను ముందు బైట్లుగా మార్చే ఫంక్షన్ ఒక్కటి చేర్చగానే ఫైలు దిగింది. తెరిస్తే మొదటి వరుసలో నాన్న రాసిన తేదీ. లేచి వంటింట్లోకి వెళ్ళి అమ్మకు చెప్పాను, ఆమెకు అర్థం కాకపోయినా.

పరిశోధకులకు పైథాన్ అలవాటు కాబట్టి అదే పని పైథాన్‌లో రాశాను. మళ్ళీ సంతకం చెల్లదు! ఈసారి తప్పు నాన్స్‌లో ఉంది. పాత సంతకాన్ని ఎవరో పట్టుకుని మళ్ళీ వాడకుండా, ప్రతి పిలుపుకూ నాన్స్ ముందటిదానికంటే పెరుగుతూ ఉండాలి. ఎక్కువమంది అప్పటి సమయాన్నే నాన్స్‌గా ఇస్తారు, నేనూ అదే చేశాను. అయితే జావాస్క్రిప్ట్ సమయాన్ని మిల్లీసెకన్లలో ఇస్తుంది, అది 13 అంకెలు. పైథాన్‌లో నేను తీసుకున్నది సెకన్లు, 10 అంకెలు. ప్రొవైడర్ లెక్కలో నా వాలెట్ పేరున 13 అంకెల సంఖ్య అప్పటికే నమోదై ఉంది, కొత్తది దానిముందు చాలా చిన్నది. ప్రొవైడర్‌కు నాన్స్ అడిగే పిలుపు విడిగా ఉంది. వాలెట్ చిరునామా ఇస్తే చివరి సంఖ్య చెబుతుంది. దాన్ని అడిగి ఒకటి కలిపి పంపడం అలవాటు చేసుకున్నాక ఆ ఇబ్బంది మళ్ళీ రాలేదు.

మర్నాడు పాత రసీదు పనిచేయలేదు. అది నేను పెట్టిన షరతే, గడువు 86400 సెకన్లు, అంటే ఒక రోజు. సున్నా పెడితే గడువే ఉండదు. నాన్నను అడిగితే గడువు వద్దన్నారు, తీసేశాను.

కొన్ని వారాల తర్వాత సర్వర్‌లో ఫోల్డర్లు సర్దుతూ ఆ సీఎస్‌వీని వేరే చోటికి మార్చాను. ఎన్‌ఎఫ్‌టీ అలాగే ఉంది, టోకెన్లు అలాగే ఉన్నాయి, ఆర్డర్ కూడా పడింది, ఫైలు మాత్రం లేదు. ఫైలు సమాచారం అడిగే పిలుపు చేస్తే చెల్లదు అని చెప్పింది. కొత్త లింకును మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేయించి, వివరాల పత్రాన్ని చెయిన్ మీద సవరించాక గానీ దారి తెరుచుకోలేదు. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకు ఇలా జరిగితే ఎంత బాధ! డేటా పెట్టినవాళ్ళు ఫైలు బతికుందో లేదో ఆ పిలుపుతో రోజుకోసారైనా చూసుకోవాలి. నేను ఇప్పుడు రోజూ చూసుకునేలా చిన్న స్క్రిప్ట్ పెట్టుకున్నాను.

ముంబై నెట్‌వర్క్‌ను 2024 ఏప్రిల్‌లో మూసేశారు. నా ఎన్‌ఎఫ్‌టీ, రసీదులు దానితోపాటే పోయాయి. అదే ఏడాది ఓషన్ వాళ్ళు ప్రొవైడర్‌నూ అక్వేరియస్‌నూ కలిపి ఓషన్ నోడ్ అనే ఒకే సాఫ్ట్‌వేర్‌గా చేశారు. మళ్ళీ పెట్టేముందు నాన్నకు కాగితం మీద గీసి చూపించాను, ఫైలు ఎక్కడుంటుందో, చెయిన్ మీద ఏముంటుందో. ఆయన అంతా విని, "తీసుకున్నవాళ్ళు ఎవరో తెలుస్తుందా?" అన్నారు. పేరు తెలియదు నాన్నా, వాలెట్ చిరునామా తెలుస్తుంది, ఎప్పుడు తీసుకున్నారో తెలుస్తుంది అన్నాను. సరేనని బీరువా తెరిచి, నేను అప్పటిదాకా చూడని మరో రెండు డైరీలు తెచ్చి నా ముందు పెట్టారు.