ఫ్రాన్స్‌కు కుక్కతో, పిల్లితో వెళ్లాలంటే: వీసా కంటే ముందు మొదలుపెట్టాల్సిన పని

ఫ్రాన్స్‌లో ఉద్యోగం ఖాయమవగానే ఇంట్లో వీసా, పిల్లల బడి, సామాను గురించి మాటలు మొదలవుతాయి. కుక్క సంగతి టికెట్లు బుక్ చేసేటప్పుడు గుర్తొస్తుంది. అప్పటికే ఆలస్యమైపోతుంది. మనుషుల వీసా కొన్ని వారాల్లో తేలుతుంది. కుక్కకైనా పిల్లికైనా కాగితాలు పూర్తవడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది, ఒక్క తేదీ తప్పినా మళ్లీ మొదటికొస్తుంది. రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ నమ్మే దేశాల జాబితాలో భారత్ లేదు. అందుకే ఇక్కడి నుంచి వెళ్లే జంతువుకు టీకా ఒక్కటే చాలదు, ఆ టీకా పనిచేసిందని రక్తపరీక్షతో చూపించాలి. కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం చేసే వారంలోనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ప్రయాణం రద్దయినా చిప్ (గుర్తింపు సంఖ్యతో చర్మం కింద పెట్టే మైక్రోచిప్), టీకా వృథా పోవు.

చిప్ వేయించే ముందు జాతి చూసుకోవాలి. ఫ్రాన్స్‌లో 1999 జనవరి 6 నాటి చట్టం కొన్ని కుక్కలను రెండు వర్గాలుగా విడదీసింది. వంశపత్రం లేని పిట్‌బుల్ తరహా కుక్కలు, మాస్టిఫ్‌లను పోలిన బోర్‌బుల్ తరహావి, టోసాను పోలినవి మొదటి వర్గం. వీటిని దేశంలోకి తీసుకురావడమే నేరం. మన దగ్గర పిట్‌బుల్ అని, బుల్లీ అని అమ్మే కుక్కల్లో చాలావాటికి గుర్తింపు ఉన్న వంశపత్రం ఉండదు, పైగా ఈ వర్గాన్ని ఆకారం చూసే నిర్ణయిస్తారు. అలాంటి కుక్క ఉంటే వేరే ఏర్పాటు ముందే ఆలోచించుకోవాలి, విమానాశ్రయంలో తేలేదాకా ఆగితే మూల్యం చెల్లించేది కుక్కే. రాట్‌వీలర్ వంశపత్రం ఉన్నా లేకపోయినా రెండో వర్గంలోకి వస్తుంది. తీసుకెళ్లొచ్చు, కానీ అక్కడ మేరీ నుంచి, అంటే పురపాలక కార్యాలయం నుంచి, పెంపకం అనుమతి తీసుకోవాలి. దానికి యజమాని ఏడు గంటల శిక్షణ పొందాలి, కుక్క ప్రవర్తనను పశువైద్యుడితో మదింపు చేయించాలి, బీమా ఉండాలి. బయటికి తీసుకెళ్తే మూతికి బుట్ట, మెడకు తాడు తప్పనిసరి. లాబ్రడార్, పామేరియన్, వీధి నుంచి తెచ్చి పెంచుకున్న మన ఊరకుక్క, వీటికి ఇవేమీ వర్తించవు. ఊరకుక్కకు కాగితాల్లో జాతి అన్నచోట మిశ్రమ జాతి అని నిజమే రాయించండి.

ఇక వరుస. ముందు చిప్, తర్వాత రేబిస్ టీకా, ఆ తర్వాత రక్తం. చిప్ 15 అంకెలది, ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణాలకు సరిపోయేది కావాలి. చిప్, టీకా ఒకేరోజైనా ఫర్వాలేదు, టీకా ముందు పడితే మాత్రం కుదరదు. చిప్ లేని రోజున వేసిన టీకా ఏ జంతువుకు వేశారో రుజువు లేదు కాబట్టి యూరప్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. కుక్కకు ఐదేళ్లుగా ఏటా క్రమం తప్పకుండా టీకా వేయించి ఉంటారు, చిప్ మొన్న వేయించి ఉంటారు. అప్పుడు పాత టీకాలన్నీ పక్కన పెట్టి, చిప్ తర్వాత కొత్తది వేయించాల్సిందే. టీకా వేసేనాటికి కూనకు కనీసం 12 వారాల వయసుండాలి. అన్ని గడువులూ కలిపితే ఏడు నెలల లోపు కూన ఇక్కడి నుంచి ఫ్రాన్స్ వెళ్లలేదు.

టీకా వేసిన 30 రోజులు గడిచాకే రక్తం తీయాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి, రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు. ఫలితం, అంటే టీకా వల్ల రక్తంలో తయారైన రక్షక యాంటీబాడీల కొలత, మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్) లేదా అంతకంటే ఎక్కువ రావాలి. రిపోర్టు బాగానే వచ్చాక ఇంకా మూడు నెలలు ఎందుకని చాలామంది విసుక్కుంటారు. రక్తం తీసేనాటికే జంతువుకు రేబిస్ సోకి బయటపడకుండా ఉండి ఉంటే, ఆ గడువులో లక్షణాలు కనబడతాయని ఆ నియమం. ఫ్రాన్స్ తన నేల మీది జంతువుల్లో రేబిస్‌ను కష్టపడి తుడిచిపెట్టుకుంది, బయటి నుంచి వచ్చిన కుక్కల వల్ల 2008లో ఆ హోదా పోగొట్టుకుని 2010లో తిరిగి తెచ్చుకుంది. వాళ్ల పట్టుదలకు కారణం ఉంది.

తొలిసారి ఒక్క డోసు మాత్రమే వేసిన కూనల్లో ఈ 0.5 అందకపోవడం అరుదేమీ కాదు. అందుకే మూడు వారాల తేడాతో రెండు డోసులు వేయించి, రెండోదాని తర్వాత 30 రోజులు లెక్కపెట్టుకోవడం మేలు. నాలుగైదు వారాలు దాటించి మరీ ఆలస్యం చేయకూడదు, యాంటీబాడీలు ఆ సమయంలో బాగా ఉండి తర్వాత మెల్లగా తగ్గుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల పిడుదుల జ్వరం మామూలు కాబట్టి టీకాకు ముందే దానికి రక్తపరీక్ష చేయించి, ఉంటే నయం చేయించండి.

పిల్లలున్నవాళ్ల లెక్క చూద్దాం. ఫ్రాన్స్‌లో బడులు సెప్టెంబర్ మొదట్లో తెరుస్తారు, ఆగస్టు 25కు అక్కడ ఉండాలనుకుందాం. ఏప్రిల్ 1న చిప్, మొదటి డోసు, ఏప్రిల్ 22న రెండోది, మే 24న రక్తం. మూడు నెలలు ఆగస్టు 24తో పూర్తి. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది, కానీ రిపోర్టు 0.5 కంటే తక్కువ వస్తే మళ్లీ టీకా, మళ్లీ 30 రోజులు, మళ్లీ మూడు నెలలు, అంటే అక్టోబర్. అదే ఫిబ్రవరి 1న మొదలుపెడితే రక్తం మార్చి 26కు తీస్తారు. ఏప్రిల్ 15న ఫలితం తక్కువని తెలిసినా అదే రోజు టీకా వేయించి, మే 17న రెండోసారి రక్తం తీస్తే ఆగస్టు 17కు గడువు తీరిపోతుంది. ఒకసారి తప్పినా తట్టుకునేంత వ్యవధి ఉండాలంటే దాదాపు ఏడు నెలల ముందు మొదలుపెట్టాలి.

ఒకసారి గెలిచిన రక్తపరీక్ష ఆ జంతువుకు జీవితాంతం చెల్లుతుంది, టీకాల మధ్య ఒక్కరోజు కూడా ఖాళీ రాకుండా ఉంటే. గడువు తేదీ దాటి మర్నాడు వేయించిన టీకా కొత్త టీకాగా లెక్క, పాత పరీక్ష చెల్లదు. టీకా పుస్తకంలో వచ్చే గడువు ప్రయాణం లోపు పడుతుందేమో ముందే చూసుకుని పది రోజుల ముందుగా వేయించేయండి. బ్యాచ్ నంబరు స్టిక్కరు అంటించి ఉండాలి.

రక్తం విషయంలో క్లినిక్ వాళ్లకు కొన్ని మాటలు ముందే చెప్పాలి. ఈ పరీక్ష సీరంతో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంతో, చేస్తారు కాబట్టి రక్తం గడ్డకట్టే ఎర్రమూత ట్యూబులో తీయాలి, మామూలు రక్తపరీక్షకు వాడే ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు వద్దు. గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరుచేసి ఒకటి, రెండు మిల్లీలీటర్లు చల్లగా పంపాలి. రక్తాన్ని అలాగే ఎండాకాలపు కొరియర్‌లో వేస్తే కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది, నమూనా పనికిరాకుండా పోతుంది. ట్యూబు మీద జంతువు పేరుతో పాటు 15 అంకెల చిప్ నంబరు రాయాలి. రక్తం తీసే ముందు చిప్‌ను రీడర్‌తో చదివి, చూసి రాయమనండి. జ్ఞాపకం నుంచి రాస్తే ఒక్క అంకె తప్పినా రిపోర్టు వేరే కుక్కదైపోతుంది. పరీక్షచేసే ల్యాబ్ పేరు యూరోపియన్ యూనియన్ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టేముందు మీరే చూసుకోండి. ఈ ల్యాబులను పర్యవేక్షించే సంస్థ ఫ్రాన్స్‌లోనే, నాన్సీ నగరంలో ఉంది.

ఆఖరి కాగితం యూరోపియన్ ఆరోగ్య ధ్రువపత్రం. మన దగ్గర దాన్ని కేంద్రప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం ఇస్తుంది, హైదరాబాద్‌లోనూ ఆ కార్యాలయం ఉంది. అధికారి సంతకం చేసిన రోజు నుంచి యూరప్‌లో తనిఖీ జరిగే రోజు వరకు అది 10 రోజులే చెల్లుతుంది. ప్రయాణానికి మూడు, నాలుగు రోజుల ముందు తీసుకుంటే విమానం ఒకటి రెండు రోజులు వాయిదాపడినా ఇబ్బంది లేదు. దసరా, దీపావళి సెలవులు, శని ఆదివారాలు ఆ వారంలో ఉన్నాయేమో చూసుకోవాలి. కుక్కను కూడా వెంట తీసుకెళ్లాలి, పాస్‌పోర్టు, వీసా, టికెట్, టీకా పుస్తకం, ల్యాబ్ రిపోర్టు, స్థానిక పశువైద్యుడి ఆరోగ్య పత్రం అసలువి ఉండాలి. ధ్రువపత్రంలో సంతకం, ముద్ర అచ్చు రంగు కంటే వేరే రంగులో ఉండాలన్నది నియమం, నల్ల అచ్చు మీద నల్ల సంతకం చేస్తే అక్కడ అభ్యంతరం వస్తుంది. రక్తం తీసిన తేదీ రాయాల్సిన గడిలో రిపోర్టు తేదీ రాయడం తరచూ జరుగుతుంది. కౌంటర్ దగ్గరే ప్రతి పేజీ చదవండి.

ఆ పత్రం భాష కూడా ముఖ్యమే. మీరు యూరప్‌లో మొదట దిగే దేశపు భాషలో, ఇంగ్లిష్‌లో ఉండాలి. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు నుంచి నేరుగా పారిస్ వెళితే ఫ్రెంచ్. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టూలూజ్ వెళితే జర్మన్, జంతువు తనిఖీ కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. అక్కడ దిగి ఇంకో విమానం ఎక్కడానికి గంటంబావు వ్యవధి చాలదు, కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

ఇక ఎవరి పేరు మీద? చాలా కుటుంబాల్లో భర్తో భార్యో ముందు వెళ్లి ఉద్యోగంలో చేరతారు, మిగతావాళ్లు రెండు నెలలకు వెళ్తారు. జంతువు యజమానిగా రాసిన మనిషి ప్రయాణానికి, జంతువు ప్రయాణానికి మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు. మించితే అది వ్యాపార రవాణా కిందికి వస్తుంది, నియమాలు, ప్రవేశద్వారం, ఖర్చు అన్నీ మారిపోతాయి. కాబట్టి చిప్ కాగితం మొదలు అన్నింటిలోనూ కుక్కతో పాటు విమానమెక్కే మనిషి పేరే పెట్టండి. గడువు తీరేదాకా కుక్కను అమ్మమ్మగారింట్లో ఉంచి తర్వాత ఒకరు వచ్చి తీసుకెళ్లడం మంచి మార్గమే, ఆ వచ్చిన మనిషే యజమాని కావాలి, అంతే. ఒక ప్రయాణంలో ఐదు జంతువులకు మించి కుదరదు. ఇంట్లో రామచిలుక, నక్షత్ర తాబేలు ఉంటే వాటిని తీసుకెళ్లే ఆలోచనే వద్దు, వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడ పెంచుకోవడమే నేరం.

విమానంలో పిల్లి, చిన్న కుక్క అయితే కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. ఎయిర్ ఫ్రాన్స్‌లో సంచితో కలిపి 8 కిలోల లోపు ఉండాలి. ఎమిరేట్స్ క్యాబిన్‌లోకి కుక్కలను, పిల్లులను తీసుకోదు. భద్రతా తనిఖీలో పిల్లిని సంచి నుంచి బయటికి తీయమంటారు, ఆ గందరగోళంలో పారిపోకుండా ఒంటికి పట్టీ వేసి ఉంచండి. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి అణిగిన ముక్కు జంతువులను చాలా విమానసంస్థలు కింది భాగంలో ఎక్కించుకోవు, వేడికి వాటికి ఊపిరి అందదు.

పెద్దకుక్కకు క్రేట్, అంటే దాన్ని ఉంచి పంపే గట్టి పెట్టె, కొలతే అన్నిటికంటే ముఖ్యం. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు పొడవు తీసుకుని, దానికి నేల నుంచి మోచేతి వరకు ఎత్తులో సగం కలపాలి, అది క్రేట్ పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు, క్రేట్ వెడల్పు. నిలబడ్డప్పుడు తల లేదా చెవి కొస వరకు ఎత్తు, పరుపు మందం కలిపితే క్రేట్ ఎత్తు. కుక్క పొడవు 75 సెంటీమీటర్లు, మోచేయి 30, భుజాలు 22 అయితే లోపల 90 పొడవు, 44 వెడల్పు కావాలి. కార్గోలో అసలు బరువు, క్రేట్ పరిమాణాన్ని బట్టి లెక్కకట్టే బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు, మామూలుగా పరిమాణానిదే ఎక్కువ వస్తుంది. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 6000తో భాగించండి. 100, 70, 75 క్రేట్‌కు 87.5 కిలోలు, లోపలి కుక్క 30 కిలోలే అయినా. ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి ఇనుప నట్టు, బోల్టు బిగించాలి, నాలుగు వైపులా గాలి రావాలి, నీళ్ల గిన్నె తలుపుకు లోపల బిగించి బయటి నుంచి నింపేలా ఉండాలి. గిన్నెలో నీళ్లు ముందురోజు గడ్డకట్టించి పెడితే ఒలకకుండా మెల్లగా కరుగుతాయి.

మత్తుమందు మాత్రం ఇవ్వొద్దు. పైన గాలి ఒత్తిడిలో శ్వాస, రక్తపోటు పడిపోయే ప్రమాదముంది, మత్తులో ఉన్న జంతువును ఎక్కించుకోరు కూడా. రెండు నెలల ముందే క్రేట్ తెచ్చి హాల్లో తలుపు తీసి ఉంచి, అన్నం అందులోనే పెట్టండి. అదే దానికి నిజమైన ధైర్యం. బయల్దేరే ముందు నాలుగైదు గంటల నుంచి తిండి ఆపండి, నీళ్లు ఆపొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో ప్రయాణం పెట్టుకోకండి.

దిగాక కొన్ని పనులు త్వరగా చేయాలి. స్థానిక పశువైద్యుడు చిప్ నంబరును ఐ-క్యాడ్ అనే జాతీయ రిజిస్టరులో నమోదు చేసి, యూరోపియన్ పెట్ పాస్‌పోర్టు ఇస్తాడు, ఇక ఇక్కడి ధ్రువపత్రం అవసరం ఉండదు. రైల్లో, పారిస్ మెట్రోలో పెద్దకుక్కకు మూతి బుట్ట అడుగుతారు, అది ఇక్కడే అలవాటు చేయండి. అద్దె ఇంట్లో జంతువులు వద్దనే షరతు 1970 జులై 9 నాటి చట్టం ప్రకారం చెల్లదు, మొదటి వర్గం కుక్కలకు తప్ప. సెలవులకిచ్చే తాత్కాలిక ఇళ్లకు మాత్రం ఆ రక్షణ లేదు, మొదటి నెల ఉండే చోటు ముందే అడగండి. మాంసం, పాలు కలిసిన తిండి సామానులో తీసుకెళ్లకూడదు, పెట్ ఫుడ్డుకూ అదే. రాయల్ కానిన్ ఫ్రెంచ్ కంపెనీయే, ప్రయాణానికి ముందే అలాంటి అక్కడ దొరికే తిండికి మార్చేస్తే కడుపు పాడవదు.

టూలూజ్, మార్సే వంటి దక్షిణాది ఊళ్లలో చలికాలం చివర్లో పైన్ చెట్ల నుంచి గొంగళిపురుగులు వరుస కట్టి నేల మీద నడుస్తాయి. కుక్క వాసన చూసినా, నాకినా నాలుక వాచి కుళ్లిపోతుంది. నోరు నీళ్లతో కడిగి, రుద్దకుండా, వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. అక్కడి ఇసుక ఈగలు లీష్మానియా అనే పరాన్నజీవి జబ్బు అంటిస్తాయి, వేసవిలో కుక్కకు వాటిని తరిమే మందు వేయించండి. ఆ మందులో పెర్మెత్రిన్ ఉంటే ఇంట్లోని పిల్లికి అది విషం, కుక్క మెడ మీద వేసిన మందు ఆరేదాకా రెంటినీ వేరువేరు గదుల్లో ఉంచండి.