సూపర్‌ఛార్జర్ బిగించే ముందు కంప్రెషన్ లెక్క: షెవర్లే స్మాల్ బ్లాక్ 350

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే పంపు. దాంతో ఎంత బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) పెట్టొచ్చని అడిగే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ ఇంజను స్టాటిక్ కంప్రెషన్ రేషియో (పిస్టన్ కిందున్నప్పటి మొత్తం జాగాకీ, పైకొచ్చాక మిగిలే జాగాకీ నిష్పత్తి) ఎంత? కేటలాగులో అచ్చేసిన అంకె కాదు, మీ బ్లాకు, మీ హెడ్లు కొలిస్తే వచ్చే అంకె.

అమెరికా స్ట్రీట్ కార్లలో బాగా కనిపించే ఎనిమిది సిలిండర్ల 350నే (350 క్యూబిక్ అంగుళాల ఇంజను) తీసుకుందాం. బోర్‌ను (సిలిండర్ వ్యాసాన్ని) 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ముప్పై), అంటే 0.76 మి.మీ. పెద్దది చేయిస్తే 102.36 మి.మీ. అవుతుంది. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88.39 మి.మీ. సెంటీమీటర్లలోకి మార్చి 0.7854 × 10.236 × 10.236 × 8.839 చేస్తే ఒక్కో సిలిండర్ 727.4 సీసీ.

ఇక పిస్టన్ పైకొచ్చాక మిగిలే జాగా. హెడ్ చాంబర్ 76 సీసీ. హెడ్‌కీ బ్లాకుకీ మధ్య నొక్కుకున్నాక 1.04 మి.మీ. మందం ఉండే గాస్కెట్ 9.15 సీసీ. పిస్టన్ అంచు డెక్‌కి (బ్లాకు పైతలానికి) 0.635 మి.మీ. కింద ఆగితే 5.2 సీసీ. పిస్టన్ తలమీది గుంట 12 సీసీ. మొత్తం 102.4. దానికి 727.4 కలిపి, మళ్లీ 102.4తో భాగిస్తే 8.1. అవే పిస్టన్ల మీద 64 సీసీ హెడ్లు పెడితే 9.05కి ఎగబాకుతుంది. గాస్కెట్ లెక్కలో చాలామంది సిలిండర్ బోర్ వేసేస్తారు. వేయాల్సింది గాస్కెట్ రంధ్రం వ్యాసం, ఇక్కడ 105.8 మి.మీ.

చాంబర్ కొలవడం ఓపిక పని. వాల్వ్ సీట్లకు పలుచగా గ్రీజు రాయండి, ఇంజనులో వాడబోయే ప్లగ్గే బిగించండి. చాంబర్ మీద రంధ్రమున్న ఆక్రిలిక్ పలకను గ్రీజుతో అంటించి, రంధ్రం పైవైపు ఉండేలా హెడ్‌ను కాస్త వాల్చండి. రంగు నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి బ్యూరెట్‌తో వదలండి. చివర్లో బఠాణీ గింజంత గాలిబుడగ పలక కింద నిలబడిపోతుంది. దాన్ని రంధ్రం దగ్గరికి నడిపించి బయటికి పంపాకే రీడింగ్ చూడాలి. ఎనిమిది చాంబర్లూ కొలవండి. 2 సీసీ తేడా వస్తే రేషియో 0.14 దాకా మారుతుంది.

డెక్ కొలిచేటప్పుడు డయల్ గేజ్‌ను పిస్టన్ పిన్‌కు సరిగ్గా పైన పెట్టాలి. అంచున పెడితే పిస్టన్ ఊగి తప్పు చూపిస్తుంది.

కంప్రెషన్ తగ్గించడానికి మందపాటి గాస్కెట్ వేయడం అన్నిటికన్నా చెడ్డ దారి. పిస్టన్ చదును భాగానికీ హెడ్‌కీ మధ్య సందు 1 మి.మీ. దగ్గర్లో ఉంటే మిశ్రమం గట్టిగా చిలికినట్టు కలిసి, త్వరగా మండుతుంది. పై లెక్కలో ఆ సందు 1.68 మి.మీ. ఉంది, ఇప్పటికే ఎక్కువ. ఇంకా మందం పెంచితే రేషియో తగ్గుతుంది కానీ నాకింగ్ (మిశ్రమం దానంతటదే పేలినట్టు మండడం) ఆశించినంత తగ్గదు. బ్లాక్ డెక్‌ను 0.635 మి.మీ. కోయించి, 17 సీసీ గుంట ఉన్న ఫోర్జ్‌డ్ పిస్టన్లు తీసుకోండి. రేషియో అదే 8.1, సందు మాత్రం 1.04 మి.మీ.కి దిగుతుంది. ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.

బూస్ట్ కలిపి చూసే వాడుక సూత్రం ఇది: పీఎస్‌ఐలలో (ఒత్తిడి కొలత) ఉన్న బూస్ట్‌ను మామూలు గాలి ఒత్తిడి 14.7తో భాగించి, 1 కలిపి, రేషియోతో గుణించడం. 8 పీఎస్‌ఐకి 8.1 కాస్తా 12.5 అవుతుంది, 9.05 అయితే 14. ఈ 12.5ను మామూలు ఇంజను 12.5తో సమానం అనుకోకండి. రెండు బిల్డులను పోల్చుకోవడానికే ఇది పనికొస్తుంది. వేడి, క్యామ్, ఇంటర్‌కూలర్ ఇందులో లేవు. ఇంటర్‌కూలర్ (బూస్ట్ గాలిని చల్లబరిచేది) లేని రూట్స్ బ్లోయర్‌తో (ఒక రకం సూపర్‌ఛార్జర్) బంకు పెట్రోల్ మీద 8 నుంచి 8.5 మధ్య ఉండి, 6 - 8 పీఎస్‌ఐ దగ్గర ఆగడం మంచిది.

ఆక్టేన్ (పెట్రోల్ నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) దగ్గర మనవాళ్లు పొరబడే చోటొకటి ఉంది. అమెరికా బంకులో రాసే 91 రెండు పరీక్షల సగటు, మన లెక్కలో దాదాపు 95. మన లెక్కలో 91 ఉన్న పెట్రోల్ అక్కడి 87కి దగ్గర. అక్కడి 91 చూసుకుని చేసిన లెక్క ఇక్కడి 91 మీద నిలవదు.

మొదటి పరుగు తర్వాత ప్లగ్గులు విప్పి, తెల్లటి పింగాణీని భూతద్దంతో చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటే నాకింగ్ మొదలైనట్టే. వెండిలా మెరిసే చుక్కలైతే అది పిస్టన్ అల్యూమినియం. మళ్లీ స్టార్ట్ చేయకుండా పిస్టన్లు చూసుకోండి. తర్వాత స్పార్క్ టైమింగ్ వెనక్కి తీసి, బ్లోయర్‌కి పెద్ద పుల్లీ వేసి బూస్ట్ తగ్గించండి.