అమ్మ 2003 అంది, వంతెన కాదంది

మా పాత ఆల్బం జిగురు పేజీల రకం. పైన ప్లాస్టిక్ పొర, కింద పసుపెక్కిన అట్ట. ఫొటోలు పాడైపోతున్నాయని మొదట ఓ పది తీసి బజార్లో స్కానింగ్‌కి ఇచ్చాను. షాపు కుర్రాడు శ్రద్ధ కొద్దీ మొహాల చుట్టూ కత్తిరించి, అందరినీ తెల్లగా చేసిచ్చాడు. భలే ఉన్నాయనుకున్నాను కూడా.

వాటిలో ఒకటి రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తీసింది. తడిచీరల్లో నాన్నమ్మ, ఇద్దరు అత్తయ్యలు. ఏ పుష్కరాలంటే అమ్మ తడుముకోకుండా 2003 అంది. ఆ రోజు తను వెళ్లలేదు, పిల్లలతో ఇంట్లోనే ఉండిపోయిందట. నాకేమో 1991 అనిపించింది. నాన్నమ్మని చూసి చెప్పడం కష్టం, పన్నెండేళ్లలో ఆవిడ పెద్దగా మారిందే లేదు.

అసలు ప్రింటు మళ్లీ తీశాను. ఇంకోటి పేజీకి అతుక్కుని ఉంటే గోరుతో లాగి మూల చింపుకున్నాక బుద్ధొచ్చింది: సన్నటి దారాన్ని ఫొటో కింద రంపంలా ఆడిస్తే నెమ్మదిగా ఊడొస్తుంది. స్నేహితుడి స్కానర్ తెచ్చి, రంగులు సరిచేసే ఆప్షన్లన్నీ ఆపేసి, తెల్ల అంచుతో సహా 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేశాను. నెగెటివ్ ఉంటే ప్రింటు కన్నా అదే మేలు. మావి చెదలు తినేశాయి.

పెద్దది చేసి చూస్తే నాన్నమ్మ తల వెనక ఇనప గడ్డర్లు, వాటి మీద రైలు. హేవ్‌లాక్ వంతెన! 1900లో మొదలైన ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశారు. దాని పక్కన ఇప్పుడు కనిపించే ఆర్చీలు ఫొటోలో ఒక్కటీ లేవు. ఆర్చి బ్రిడ్జి పూర్తయిందీ 1997లోనే. ఇంక 2003 ఎలా అవుతుంది? కుర్రాడు కత్తిరించేసింది సరిగ్గా ఈ ముక్కనే. స్టూడియోలో తీయించుకున్న ఫొటోలు మాకు బోలెడున్నాయి, వెనక తెర తప్ప ఇలా ఏ ఏడాదో చెప్పేదేమీ ఉండదు.

అతను తీసేసింది ఇంకోటుంది. కుడి మూలన లెన్సుకి అడ్డం పడ్డ వేలు, మసగ్గా.

అమ్మకి చూపించాను. రైలు వంక చాలాసేపు చూసింది.

"అయితే తొంభై ఒకటేరా. అప్పుడు హాట్‌షాట్ కెమెరా మీ బాబాయి దగ్గరే ఉండేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

బాబాయి 1996లో పోయాడు. ఫొటోలన్నీ తనే తీసేవాడు కాబట్టి ఆల్బంలో ఎక్కడా ఉండడు.

ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో రాశాను: గోదావరి పుష్కరాలు, 1991. నాన్నమ్మ, పెద్దత్తయ్య, చిన్నత్తయ్య. వేలు బాబాయిది.