చెన్నై వానల్లో సిగార్లు ఆరబెట్టడం

అక్టోబర్

వానలు మొదలయ్యాయి. వేళచ్చేరిలో కిటికీ తీస్తే గదిలో తేమ 80 శాతం దాటుతోంది. సిగార్ల గురించి దొరికే సలహాలన్నీ చలిదేశాల వాళ్లవి: హీటర్ వేడికి ఆకు ఎండిపోతుంది, డబ్బాలో తడి పెట్టండి అంటారు. మనకు అంత అదృష్టమా! ఇక్కడ తేమ లాగేయడమే పని.

ముందు తేమ కొలిచే మీటర్ సరిచూశాను. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యేలా కొన్ని నీటి చుక్కలు వేసి, మీటర్‌తో పాటు జిప్‌లాక్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేశాను. లోపల 75 శాతం ఉండాలి. మన ఎండల్లో కూడా ఆ అంకె పెద్దగా మారదు, అందుకే ఈ పద్ధతి నాకిష్టం. నా మీటర్ 79 చూపించింది. ఇకనుంచి 4 తీసేసి చదువుకుంటాను.

నిల్వకు చెక్క హ్యూమిడార్ (సిగార్లను తగిన తేమలో దాచే పెట్టె) కొనలేదు. వంటింట్లో వాడే ఎయిర్‌టైట్ డబ్బా, లోపల పాత సిగార్ పెట్టె తాలూకు స్పానిష్ సీడార్ చెక్క పలకలు, డబ్బాలో తేమను 65 శాతం దగ్గర నిలబెట్టే బోవెడా ప్యాకెట్. అంతే. చూడ్డానికి ఊరగాయ డబ్బాలా ఉందని ఇంట్లో నవ్వుతున్నారు. నవ్వనీ.

పురుగు భయం మాత్రం ఉంది. ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పగిలి పిల్లలయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఏసీ లేని వేళ చెన్నైలో 24 ఎక్కడిది? కొత్తగా తెచ్చినవి రెండు కవర్లలో గట్టిగా మూసి, మూడు రోజులు ఫ్రీజర్లో, ఒక రోజు కింద ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీస్తున్నాను. గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకూడదు, లేకపోతే ఆకు మీద నీళ్లు పడతాయి.

నవంబర్

అసలు తేడా కాల్చే ముందు రోజే తెలుస్తోంది. 69 ప్యాకెట్‌తో వచ్చిన సిగార్‌ను అలాగే వెలిగిస్తే పొగ లాగడానికి బుగ్గలు నొప్పి పుట్టాయి. ఒక పక్కే కాలింది, సగానికి చేదెక్కింది. లోపలి ఆకు తేమకు ఉబ్బితే గాలికి దారి ఉండదు మరి.

ముందు రోజు ఖాళీ సీడార్ పెట్టెలో వదిలేయమంటారు. ఈ వానల్లో అలా వదిలితే ఆరాల్సింది పోయి ఇంకా తడి పీలుస్తుంది. అందుకని ఏసీ నడిచే గదిలో మాత్రమే, రాత్రి పూట మాత్రమే పెడుతున్నాను. అప్పుడు గది తేమ 50, 55 దగ్గరికి దిగుతుంది. పొద్దున ఏసీ ఆపే ముందే తీసి, 62 ప్యాకెట్ వేసిన చిన్న డబ్బాలోకి మార్చి సాయంత్రం దాకా ఉంచుతాను. తొందరపడి సిలికా జెల్ వేయను. పైఆకు ముందే బిగుసుకుని పగులుతుంది.

ఎంత ఆరిందో చూడడానికి నగల తూకం మిషన్ పనికొస్తోంది. 12 గ్రాముల సిగార్ 0.2 గ్రాములు తగ్గితే నాకు చాలు. వేళ్లతో నొక్కితే కొంచెం దిగి మళ్లీ పైకి రావాలి. చిటపటమంటే ఎక్కువ ఆరినట్టు.

ఒంగోలు దగ్గర బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) చూసుకునే మా బాబాయికి ఫోన్లో ఇదంతా చెబితే, "దీనికి తూకం ఎందుకురా? మేం రాత్రికి బ్యారన్ తలుపులు తీసి పెడతాం, ఆకు తేమ పీల్చి పదునుకు రాగానే దించుతాం. పదును లేకుండా ముట్టుకుంటే పొడే" అన్నాడు. ఆయన చేతికి ఉన్న లెక్క నాకు రావాలంటే ఇంకో జన్మ కావాలి. తూకం మానను.

డిసెంబర్

65 ప్యాకెట్ దిండులా ఉబ్బింది. డబ్బా తీసినప్పుడల్లా బయటి తేమ మింగుతోందన్నమాట. గట్టిపడితే మార్చాలని అందరూ చెబుతారు, మనకు ఉబ్బినా మార్చాల్సిందే. కొత్తది వేసి, డబ్బాను ఏసీ గదిలోనే తెరవాలని ఇంట్లో కూడా చెప్పి పెట్టాను. ఇకపై అన్నీ నేరుగా 62లోనే నిల్వ చేసి, రాత్రి ఆరబెట్టే పని తప్పుతుందేమో చూస్తాను.