గచ్చు తడిమి చూసే మనిషి

మా అత్తయ్య రాత్రి పడుకున్నాక మంచం మీద నుంచే చెయ్యి కిందికి చాచి గచ్చు తడిమి చూస్తారు. తడి లేదని తేలాక అటు తిరిగి పడుకుంటారు, పావుగంట కాకముందే మళ్లీ తడుముతారు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా కింది వాటాలోకి బుడమేరు వాగు నీళ్లు వచ్చినప్పటి నుంచి పట్టుకున్న భయమే అనుకున్నాం.

నిద్ర పట్టకపోవడం ఒక్కటే అయితే వయసు మీదికి నెట్టేసి ఊరుకునేవాళ్లమేమో. ఒకనాటి రాత్రి రెండు గంటలకు వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. ఆవిడ పప్పుల డబ్బాలు ఒక్కొక్కటే అటక మీదికి ఎక్కిస్తున్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలికారు కూడా. కానీ నన్ను ఎప్పుడూ "అమ్మాయ్" అని పిలిచే మనిషి, చిన్నపిల్ల గొంతుతో "అమ్మా, తమ్ముడేడీ?" అని అడిగారు. తెల్లవారాక, డబ్బాలు పైన ఎవరు పెట్టారని ఆవిడే నన్ను నిలదీశారు.

అత్తయ్య పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ఆవిడకు ఎనిమిదేళ్లు. పది వేల మందికి పైగా పోయిన ఆ ఉప్పెనలో ఆవిడ తమ్ముడూ పోయాడని మావారికి తెలుసు గానీ, ఇంట్లో ఆ మాట ఎన్నడూ పైకి రాలేదు. ఇలాంటి ఘోరం చూసినవాళ్ల మనసును ఆ తర్వాత కూడా వదలకుండా వేధించే జబ్బుకు పీటీఎస్డీ అన్న పేరు అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాకెక్కిందే 1980లో; పీడకలలు, నిద్రలేమి అప్పటి నుంచీ దాని లక్షణాల్లో ఉన్నాయి.

పక్కింటివాళ్లు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. మేము నిద్రలో నడిచే జబ్బు అనుకున్నాం. మానసిక వైద్యురాలు రెండూ కాదన్నారు. నిద్రలో నడక గాఢనిద్రలోంచి సగం మాత్రమే మేలుకున్నప్పుడు జరుగుతుందట. డిసోసియేషన్ వల్ల, అంటే మనసు తనలోని ఒక భాగాన్ని తనకే తెలియకుండా విడదీసుకోవడం వల్ల, రాత్రిపూట ఇలా జరిగేటప్పుడు మెదడు తరంగాలను నమోదు చేస్తే మెలకువే కనిపిస్తుందట. పైగా నిద్ర చాలకపోతే ఈ విడిపోవడం ఎక్కువవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఒక రాత్రంతా మేలుకొని ఉంచినా ఆ ఛాయలు కొంత కనిపించాయని పరిశోధనలు ఉన్నాయి.

నాకు అర్థమైనంతలో అత్తయ్యకు నిద్ర రాకపోవడం కాదు, ఆవిడ ఒళ్లు నిద్రకు ఒప్పుకోవడం లేదు, కాపలా కాస్తోంది. అందుకే చీకటి గది, నిశ్శబ్దం, తలుపు వేసుకోవడం వంటి మామూలు సలహాలు ఆవిడ విషయంలో ఎదురు తిరిగాయి, ఎందుకంటే చీకట్లో నీళ్లు కనపడవు, తలుపు వేస్తే పారిపోయే దారి ఉండదు. ఇప్పుడు వసారాలో చిన్న బల్బు వెలుగుతుంది, తలుపు ఓరగా తీసి ఉంటుంది, మంచం మెట్ల వైపు జరిగింది.

మావారు ఓపిక నశించి, డాక్టరు చీటీ లేకుండానే ఆల్ప్రజోలం అనే మత్తు మాత్రలు తెచ్చారు. ఆ జాతి మాత్రలు అలవాటు పడిపోతాయనీ, పీటీఎస్డీకి మంచివి కావనీ వైద్యురాలు గట్టిగానే మందలించారు. ప్రజోసిన్ అనే రక్తపోటు మందును పీడకలలకు వాడతారు. 2018లో వెలువడిన పెద్ద పరిశోధనలో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు, అయినా కొందరికి పనిచేస్తోందని ఇస్తూనే ఉన్నారు. మాకు మాత్రం ముందు ఇమేజరీ రిహార్సల్ చెప్పారు. పీడకలను పగటిపూట మెలకువలో మార్చి రాసుకుని, ఆ కొత్త కలను రోజూ కాసేపు మనసులో తిప్పుకోవాలి. (వైద్యుల దగ్గరికి వెళ్లడానికి జంకేవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు.)

నీళ్లు గడప దగ్గరే ఆగిపోయినట్టు రాద్దామా అంటే అత్తయ్య వద్దన్నారు, నీళ్లు అలా ఆగవన్నారు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని మా డాబా ఎక్కినట్టు చెప్పి నా చేత రాయించారు. డాబాకు పద్దెనిమిది మెట్లు. ఒక్కొక్కటీ లెక్కపెట్టి మరీ రాయించారు.